పచ్చని ఈక, పనివాడి చెయ్యి

వియన్నాలో పాత రాజప్రాసాదం హాఫ్‌బర్గ్‌లో ఒక భాగాన్ని వెల్ట్‌మ్యూజియం అంటారు. అక్కడ మసక వెలుతురు గదిలో, అద్దాల పెట్టెలో అర్ధవృత్తంగా విప్పి పెట్టిన ఈకల శిరోభూషణం ఒకటి ఉంది. ఎత్తు 116 సెంటీమీటర్లు, వెడల్పు 175. స్పెయిన్ వాళ్లు మెక్సికోలో కాలుపెట్టిన రోజులకు అటూ ఇటూగా, 16వ శతాబ్దపు మొదట్లో తయారైంది. దాన్ని పెనాచో అని పిలుస్తారు. అజ్టెక్ చక్రవర్తి మొక్తెసూమా కిరీటమని లోకమంతా పేరు పడింది గానీ, ఆయన దాన్ని తలమీద పెట్టుకున్నాడనడానికి ఆధారమేమీ లేదు. ఎవరు ధరించారన్న వాదన చరిత్రకారులకు వదిలేద్దాం. దాన్ని కట్టిన చేతుల గురించి నాలుగు మాటలు చెప్పాలన్నదే నా ఆశ.

ఆ చేతులు పట్టిన సరుకు కెట్సాల్ పక్షి ఈక. మధ్య అమెరికా మబ్బు అడవుల్లో తిరిగే పక్షి అది. దాని ఈకలో రంగు ఎక్కడ దాక్కుని ఉంటుందో, ఎప్పుడు బయటికొస్తుందో ఆ పనివాళ్లకు బాగా తెలుసు. వాళ్లు ఈకను రంగుగా వాడుకోలేదు, వెలుతురును పట్టే పనిముట్టుగా వాడుకున్నారు. పెనాచోలో ఎక్కడ చూసినా ఆ తెలివే కనిపిస్తుంది. అందుకే ముందు పక్షి దగ్గరికి వెళ్లాలి.

దక్షిణ మెక్సికోలోని చియాపాస్ మొదలుకొని పశ్చిమ పనామా దాకా, కొండల నడుమ ఎప్పుడూ మబ్బు దిగి ఉండే అడవుల్లో కెట్సాల్ బతుకుతుంది. కోస్టారికాలో మోంతెవెర్దే, సాన్ హెరార్దో దె దోతా లోయ దీన్ని చూడడానికి పేరుపొందిన చోట్లు. ఇది ట్రోగన్ల కుటుంబంలోది. మన పశ్చిమ కనుమల్లో ఉండే మలబార్ ట్రోగన్ దీనికి దూరపు చుట్టం. రెంటికీ కాలివేళ్ల అమరిక ఒకటే: మొదటి రెండు వేళ్లు వెనక్కి, మిగతా రెండూ ముందుకి. ట్రోగన్లలో తప్ప ఈ తీరు మరే పక్షిలోనూ కనబడదు. 1832లో పాబ్లో దె లా యావే అనే మెక్సికో ప్రకృతి శాస్త్రజ్ఞుడు కెట్సాల్‌కు శాస్త్రీయ నామం పెడుతూ, తన దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మోసీన్యో పేరును అందులో కలిపాడు.

ఒళ్లు చిన్నది. ముక్కు నుంచి తోక దాకా 36 నుంచి 40 సెంటీమీటర్లు, బరువు 200 గ్రాములకు కాస్త అటూ ఇటూ. మగపక్షికి మాత్రం ఆ తోకను దాటి, ఒక్కోసారి 60 సెంటీమీటర్లకు పైగా, పచ్చని ఈకలు రెండు కిందికి జారి వేలాడతాయి. వీటిని తోక అనుకుంటాం గానీ తోక కాదు. అసలు తోక పొట్టిది, కింద నుంచి చూస్తే తెల్లగా ఉంటుంది. దాని మొదలును పైనుంచి కప్పే ఈకలే పొడవు సాగి ఇలా తయారయ్యాయి. మన నెమలి పురి కథా ఇదే. అక్కడా అసలు తోక పొట్టిగా, గోధుమరంగులో, పురి వెనక ఆనుడుగా నిలబడి ఉంటుంది. కన్నుల ఈకలన్నీ దాన్ని కప్పే ఈకలే. ఒకదానికొకటి సంబంధం లేని రెండు పక్షులు, రెండు ఖండాల్లో, అలంకారానికి ఒకే చోటును ఎంచుకోవడం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

ఆ పొడవాటి ఈకను ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. నడిమి ఈనె సన్నగా, నల్లగా, ఎటు వంచితే అటు వంగేలా ఉంటుంది. ఈనెకు రెండు పక్కలా పోగులు. ఆ పోగుల అంచులు రెక్క ఈకలో మాదిరిగా ఒకదానికొకటి గట్టిగా అల్లుకుని ఉండవు, కుచ్చులా వదులుగా ఉంటాయి. అందుకే గాలి కాస్త కదిలినా ఈకంతా అల పారినట్టు కదులుతుంది. ప్రతి పోగుకూ మళ్లీ కంటికి ఆనని నూగుపోగులుంటాయి. పచ్చదనం పుట్టేది వాటిలోనే.

అయితే అక్కడ పచ్చరంగు పదార్థం ఏమీ లేదు. ఈకను తిరగేస్తే నల్లగా, గోధుమరంగుగా కనిపిస్తుంది. దీపానికి అడ్డం పెట్టి వెనకనుంచి చూస్తే పచ్చ మాయమవుతుంది. నూరి పొడి చేస్తే మిగిలేది మట్టిరంగు పొడి. నూగుపోగుల లోపల మెలనిన్ రేణువులు కెరటిన్ మధ్య పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. మన జుట్టుకు నలుపునిచ్చేదీ ఆ మెలనినే. పొరకూ పొరకూ మధ్య ఎడం వెలుతురు తరంగమంత సన్ననిది. పొరల మీద పడి తిరిగొచ్చే కిరణాలు ఒకదాన్నొకటి కలుపుకుంటూ, కొన్నిచోట్ల చెరుపుకుంటూ, చివరికి పచ్చను మాత్రం బలంగా బయటికి పంపుతాయి. చూసే కోణం మారితే కిరణం నడిచే దూరం మారుతుంది, దాంతో రంగూ మారుతుంది. ఎదురుగా చూస్తే బంగారు జీర ఉన్న పచ్చ, పక్కకు జరిగితే నీలం, ఇంకా వాలితే ఊదా. పచ్చ పడుగు, నీలం పేక వేసి నేసిన పట్టుచీర మడత తిరిగినచోట మెరిసే మెరుపు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే చీరలో రెండు రంగుల దారాలు నిజంగానే ఉంటాయి. ఇక్కడ ఉన్నది నల్లని రేణువు, దాని అమరిక.

పొట్ట మీది ఎరుపు సంగతి వేరు. అది తిండి ద్వారా వచ్చే కెరొటినాయిడ్ల రంగు, అసలైన వర్ణద్రవ్యం. ఈ తేడాను గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది. వర్ణద్రవ్యం వెలుతురుకు ఏళ్లు గడిచేకొద్దీ వెలసిపోతుంది. అమరిక వల్ల పుట్టిన రంగు, ఆ అమరిక చెదరనంతకాలం నిలుస్తుంది. వియన్నాలో ఐదు వందల ఏళ్ల నాటి ఈకలు ఇవాళ్టికీ పచ్చగా ఉన్నాయంటే కారణం అదే.

ఇంత మెరుపున్న పక్షి అడవిలో సులువుగా కంటికి దొరకదు. తడిసిన ఆకుల మెరుపులో దాని వీపు కలిసిపోతుంది. అలజడి వినిపిస్తే ఎర్రని పొట్టను దాచి, వీపు ఇటు తిప్పి, కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. మగపక్షి జతకోసం తాపత్రయపడే రోజుల్లో మాత్రం అడవి కప్పు దాటి పైకి లేస్తుంది, అరుస్తూ గాలిలో చుట్టు తిరిగి మళ్లీ ఆకుల్లోకి దూకుతుంది. ఆ దూకుడులో వెనక రెండు ఈకలూ మెలికలు తిరుగుతూ వెంటపడతాయి. రంగు పచ్చ నుంచి నీలానికీ, నీలం నుంచి పచ్చకీ మారుతూ పోతుంది. అసలు అందం అక్కడే ఉంది. ఈ పక్షి కదిలితే తప్ప పూర్తిగా కనబడదు.

గూడు కోసం చచ్చి పుచ్చిన చెట్టు మానును వెతుక్కుంటుంది. ముక్కు వడ్రంగిపిట్టదంత గట్టిది కాదు కాబట్టి, మాను సరిగ్గా మెత్తబడి, ఇంకా కూలకుండా ఉండాలి. ఆడదీ మగదీ కలిసి తొలుస్తాయి. లేతనీలం గుడ్లు రెండు. పొదగడంలోనూ వంతులు వేసుకుంటాయి, పగటిపూట మగది చాలాసేపు కూర్చుంటుంది. అప్పుడు ఆ పొడవాటి ఈకలు వీపు మీదుగా వంగి తొర్రలోంచి బయటికి వేలాడుతూ ఉంటాయి. మానుకు పట్టిన ఫెర్న్ మొక్కల మధ్య అవీ మరో ఆకుల్లా కలిసిపోతాయి. ఈ రాకపోకల్లో ఈకలు నలుగుతాయి, తెగుతాయి. గూడు కాలం ముగిశాక రాలిపోయి, తరువాతి ఏటికి కొత్తవి వస్తాయి.

తిండిలో ముఖ్యమైనవి అడవి అవకాడో జాతి పళ్లు. చిన్నవి, ముక్కుకు పట్టేంతవి. ఎగురుతూ ఉండగానే పండును తెంపి పూర్తిగా మింగేసి, గుజ్జు అరిగాక గింజను కక్కేస్తుంది. ఆ గింజే దూరాన ఇంకో చెట్టవుతుంది. ఏ కొండ ఎత్తున ఎప్పుడు పళ్లు కాస్తే అప్పుడక్కడికి పక్షులు దిగుతూ, ఎక్కుతూ ఉంటాయి. అందువల్ల ఒక్క కొండకొమ్మును కాపాడితే చాలదు, కింది వాలు అడవులు కూడా మిగిలి ఉండాలి. ఇవాళ ఈ పక్షిని ముప్పు దరిదాపులకు చేరినవాటిలో లెక్కవేస్తున్నారు, కారణం ముఖ్యంగా ఆ అడవులు ముక్కలైపోవడం. గ్వాతెమాలా దీన్ని జాతీయ పక్షిగా జెండా మీద ఉంచుకుంది, తన డబ్బుకు దీని పేరే పెట్టుకుంది. జెండా మీద గౌరవం చెట్లకూ దక్కితే బాగుంటుంది.

ఆ కొండల నుంచి ఈకలు ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న మొక్తెసూమా రాజధాని తెనోచ్‌తిత్లాన్ నగరానికి చేరేవి. కొన్ని వర్తకుల మూటల్లో, కొన్ని షోకోనోచ్కో వంటి లొంగిన రాజ్యాలు కట్టే కప్పంలో. పక్షిని చంపడం లాభం కాదని ఆ నాటివాళ్లకు తెలుసు. పట్టి, పొడవాటి ఈకలు పీకి, వదిలేసేవారు. గ్వాతెమాలాలోని వెరాపాస్ ప్రాంతంలో కెట్సాల్‌ను చంపినవాడికి మరణశిక్ష ఉండేదని స్పెయిన్ సన్యాసి బర్తొలోమె దె లాస్ కాసాస్ రాశాడు. శిక్ష కఠినమే గానీ దాని వెనక లెక్క నాకు అర్థమవుతుంది. వచ్చే ఏడు మళ్లీ ఈకలు తొడిగే పక్షి అది.

నగరంలో ఈ ఈకల పని చేసేవాళ్లు అమాంతెకాలు. అమాంత్లాన్ అనే పేట వాళ్లది. తమ దేవుడు కొయోత్లినావాల్‌తో సహా వాళ్ల లోకమే వేరు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి బెర్నార్దినో దె సహాగున్ 16వ శతాబ్దంలో స్థానికుల చేత వాళ్ల భాషలోనే రాయించిన ఫ్లోరెంటైన్ కోడెక్స్ తొమ్మిదో భాగంలో కంసాలులు, రత్నాలు చెక్కేవాళ్ల పక్కన వీళ్ల పనీ వివరంగా ఉంది, బొమ్మలతో సహా. నాకు తెలిసినంతలో, చేతివృత్తి గురించి అంత ఓపికతో రాసిన పాత పుస్తకాలు తక్కువ. చేసేవాడి పక్కన కూర్చుని అడిగి రాసినట్టు ఉంటుంది.

పని రెండు తీరులు. ఒకటి అతికే పని, రెండోది కట్టే పని. అతికే పనికి ముందు చిత్రకారుడు నమూనా గీసి ఇచ్చేవాడు. కిత్తనార మట్ట మీద బంక రాసి, దూదిని పలచగా ఏకి పరిచి, ఆరాక దాని మీద మళ్లీ బంక పూసేవారు. పూర్తిగా ఎండి నిగనిగలాడే ఆ పొరను మట్ట నుంచి ఒలిస్తే, కింద ఉన్న గీత కనబడేంత పలుచని రేకు వచ్చేది. నమూనాను దాని మీదికి దించుకుని, మర్రి కుటుంబపు చెట్టు బెరడుతో చేసిన కాగితానికి అతికి, గీతల వెంట కోసేవారు. బంక ఆర్కిడ్ దుంపలది. దాన్ని సిద్ధం చేయడం పిల్లల పని, అంటే వృత్తిలోకి తొలి అడుగు. ఈకలకు రంగులు వేయడం ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. కోయడానికి రాగి కత్తి, ఈకను అణిచి పెట్టడానికి ఎముక అలుగు.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. విలువైన ఈకలను వాళ్లు నేరుగా కాగితం మీద అతికేవారు కాదు. ముందు మామూలు ఈకలు, అద్దకం వేసినవి, ఒక పరుపుగా పరిచేవారు. ఏ రంగు ఈక పైన రావాలో దానికి సరిపోయే రంగును కింద ఎంచుకునేవారు. దాని మీద కెట్సాల్ ఈకలు, కొటింగా అనే నీలం పక్షి ఈకలు. మెరిసే ఈక తనలోంచి కొంత వెలుతురును కిందికి పోనిస్తుంది. కింద ఏముందో దాన్నిబట్టి పైన రంగు లోతు మారుతుంది. చౌక ఈకతో కింద నింపితే ఖరీదైనది తక్కువ పడుతుంది, అదీ నిజమే. కానీ పొదుపు ఒక్కటే కారణమైతే రంగు కుదర్చడానికి అంత శ్రమ ఎందుకు పడతారు? పైనున్న ఈకకు కింద తోడు కావాలని వాళ్ల కళ్లకు తెలిసింది.

ఈ అతికే పని ఎంత దూరం పోగలదో చూడాలంటే ఫ్రాన్స్‌లో ఓష్ పట్టణపు మ్యూజియంలో ఉన్న 1539 నాటి పటం చూడాలి. సెయింట్ గ్రెగొరీ పూజ చేస్తుండగా క్రీస్తు ప్రత్యక్షమైన దృశ్యం అది. స్పెయిన్ ఆక్రమణ జరిగి ఇరవై ఏళ్లు కాకముందే మెక్సికో నగరంలో పోప్ మూడో పాల్ కోసం తయారైంది. దేవుడు మారాడు, కొనేవాడు మారాడు, చెయ్యి మాత్రం ఆ పాత చెయ్యే.

పెనాచోది ఎక్కువగా కట్టే పని. ముందువైపు చూస్తే అర్ధవృత్తాలు ఒకదాని వెనక ఒకటి. లోపలిది కొటింగా పక్షి నీలం ఈకలది, దాని మీద చిన్న బంగారు ముక్కలు. దాని వెనక తెడ్డుమూతి కొంగ గులాబీ ఈకలు. ఆపైన పొట్టి కెట్సాల్ ఈకల పచ్చ. తరువాత ఉడుత కోకిల అని పిలవదగిన పక్షి ఈకలు, ఎర్రమట్టి రంగువి, కొసలు తెల్లనివి, మధ్యమధ్య బంగారు రేకుల వరసలు. చివరగా అన్నిటినీ దాటి కెట్సాల్ పొడవు ఈకలు, రెండు వరసల్లో దాదాపు నాలుగు వందలు, ఒక్కోటి అర మీటరు పైమాటే. ఒక్కో మగపక్షికి రెండు, మహా అయితే నాలుగు చొప్పున లెక్క వేసుకుంటే, ఈ ఒక్క ఆభరణం కోసం ఎన్ని కొండల్లో ఎన్ని చెట్ల కింద ఎంతమంది కాపు కాశారో ఊహించవచ్చు.

నా కన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచేది ఆ ఎర్రమట్టి రంగు పట్టీ మీద. నీలం, గులాబీ, పచ్చ, బంగారం అన్నీ చేతిలో ఉండగా పనివాడు గోధుమరంగు ఈకను ఎందుకు ఎంచుకున్నాడు? పక్కపక్కన రెండు పచ్చలు ఉంటే ఏదీ పచ్చగా నిలవదు. పొట్టి పచ్చకూ పొడవు పచ్చకూ మధ్య మెరుపు లేని రంగు ఒకటి అడ్డం వేస్తే పొడవు ఈకలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. కొసల తెలుపు ఆ గీతను ఇంకా తేటపరుస్తుంది. మెరవని ఈకను సరైన చోట పెట్టగలిగినవాడే మెరిసే ఈకను అర్థం చేసుకున్నవాడు. ఈ పట్టీ లేకపోతే పెనాచో ఒక ఆడంబరంగా మిగిలిపోయేది.

ఇక వెనకవైపు. సందర్శకులు చూడనిది, పనివాడి అసలు లెక్క ఉన్నది అక్కడే. సన్నని పుల్లలు ఊతంగా, నార దారంతో అల్లిన వల. పొడవు ఈకల కాడలను ఆ వలకు ముడివేశారు. గట్టి అట్ట మీద కుట్టి ఉంటే ఈకలు కదిలేవి కావు. వల కాబట్టి ప్రతి ఈకా మొదట్లో పట్టుగా, కొసలో స్వేచ్ఛగా ఉంటుంది. తల ఇటు తిరిగితే వరసంతా ఊగుతుంది, ఈక ఈకకూ కోణం వేరవుతుంది, ఒకటి పచ్చగా ఉన్న క్షణంలో పక్కది నీలమవుతుంది. ఇంకా ఒకటి: నడిమి ఈకలు పక్కవాటికంటే పైకి లేచి ఉంటాయి. అంచుకు చక్కని గుండ్రని కోత రావాలనుకుంటే సమంగా కట్టేవాడు. మధ్యను పైకి లేపడం వల్ల ధరించినవాడి తలకు నేరుగా పైన ఎత్తు వస్తుంది, చూపు అక్కడికి పోతుంది. కొండల్లో రెండు ఈకలు ఎగరడంలో చేసిన పనిని, నాలుగు వందల ఈకలతో నడిచే మనిషి తలమీద చేయించారు.

ఇది ఐరోపాకు ఏ దారిన చేరిందన్నది ఎవరూ తేల్చలేదు. 1596లో టైరోల్ పాలకుడు ఫెర్డినాండ్ ఆర్చ్‌డ్యూక్‌కు చెందిన ఆంబ్రాస్ కోట సామాన్ల జాబితాలో మూర్ల టోపీగా నమోదైంది. అప్పట్లో దానికి బంగారు ముక్కు కూడా ఉండేదని ఆ పాత జాబితా చెబుతుంది. ఇప్పుడు లేదు. మెక్సికో నుంచి చక్రవర్తి ఐదో చార్లెస్‌కు వచ్చిన కానుకలను 1520లో బ్రస్సెల్స్‌లో చూసిన చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన దినచర్యలో మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. ఆయన కంసాలి కొడుకు. పనితనం కనిపెట్టడానికి ఆ కన్ను చాలు.

1878లో వియన్నా మ్యూజియం అధికారి ఫెర్డినాండ్ ఫాన్ హోక్‌స్టెటర్ పెనాచోను బాగుచేయించాడు. పురుగు తిన్న నీలం ఈకల చోట లకుముకిపిట్ట ఈకలు, పోయిన బంగారం చోట ఇత్తడి ముక్కలు పెట్టించాడు. ఆయన దాన్ని ధ్వజమనుకుని చదునుగా పరిపించాడు. పదేళ్ల తరువాత, 1888లో, జీలియా నట్టాల్ అనే పరిశోధకురాలు ఇది ధ్వజం కాదు, తలమీద పెట్టుకునే ఆభరణమని ప్రాచీన చిత్రాల ఆధారంగా వాదించింది. ఆమె మాటే నిలిచింది. హోక్‌స్టెటర్ లేకపోతే పురుగులు దీన్ని మిగిల్చేవి కావేమో. అంత మేరకు ఆయనకు మనం రుణపడ్డాం. కానీ చదును చేయడంతో పోయినది చిన్నదేమీ కాదు. వంపు ఉన్నప్పుడు ఒకేసారి ఎన్నో కోణాలు కంటికి తగిలేవి, ఇప్పుడు ఒక్కటే తగులుతుంది.

మెక్సికో దీన్ని తిరిగి ఇమ్మని చాలాసార్లు అడిగింది. 1940లో తయారైన నకలు ఒకటి మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో ఉంది. రెండు దేశాల నిపుణులు 2010 నుంచి కలిసి పనిచేసి ఈకలను ఒక్కొక్కటిగా పరీక్షించి శుభ్రం చేశారు. ప్రయాణంలో వచ్చే సన్నని అదుర్లకు కూడా ఈకలు, కాడలు తట్టుకోలేవని తేల్చారు. అందుకని అదుర్లు తగలని పెట్టె కట్టి అందులో పడుకోబెట్టినట్టు ఉంచారు. న్యాయంగా అది పుట్టిన నగరానికి చేరాలని నా నమ్మకం, అదుర్లు లేకుండా తీసుకెళ్లే దారి ఎవరైనా కనిపెట్టిన రోజున ఇంకో వాదన అడ్డురాకూడదు.

అందాకా వియన్నా వెళ్లే మనవాళ్లెవరైనా ఉంటే ఒక మాట. దాని ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకండి. పెట్టె ఒక చివర నుంచి రెండో చివరకు మెల్లగా నడవండి, చూపు పొడవు ఈకల మీదే ఉంచి. అది కదలదు కాబట్టి మీరు కదలాలి. నడుస్తుంటే పచ్చ నీలంలోకి జారి మళ్లీ తిరిగొస్తుంది. తరువాత వంగి లోపలి నీలం పట్టీని చూడండి. అందులో నీలం కాస్త తేడాగా ఉన్న ఈకలు కనబడితే అవి 1878లో పెట్టిన లకుముకిపిట్టవి, పక్కనున్నవి అమాంత్లాన్ పేటలో ఎంచి కట్టినవి.